పిల్లలకు గినీ పిగ్ కొనిపెట్టే ముందు

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మన వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్ళలో పిల్లల నోట ఒక కోరిక వినబడుతూ ఉంటుంది. "డాడీ, నాకొక గినీ పిగ్ కొనియ్యవా?" అని. ఒకప్పటి పిల్లలు సంతలో గంపకింద పెట్టి అమ్మే గులాబీరంగు, ఆకుపచ్చరంగు కోడిపిల్లల కోసం ఏడ్చేవారు. ఆ తరువాత కుందేళ్ళు వచ్చాయి, గాజు తొట్టెల్లో చేపలు వచ్చాయి. ఇప్పుడు పెట్ షాపు ముందు పంజరంలో మెత్తని బొచ్చుతో, తోక లేకుండా, గుండ్రంగా కూర్చున్న ఈ చిన్న జంతువు పిల్లల మనసు దోచుకొంటోంది.

తల్లిదండ్రులకు కూడా ఇది సులువైన బేరంలాగే కనబడుతుంది. కుక్కపిల్ల అంటే అమ్మ ఒప్పుకోదు. పిల్లి అంటే నాయనమ్మ ఒప్పుకోదు. గినీ పిగ్ మొరగదు, గోడ దూకదు, సాధారణంగా కరవదు, ఒక మూల పంజరంలో ఉంటుంది కదా అనుకొంటారు. పిల్లవాడి పుట్టినరోజుకు కొనుక్కొస్తారు. మొదటి వారం ఇల్లంతా సందడి. తరువాత ఏమవుతుంది? గృహ దర్శనాలకు వెళ్ళే నాలాంటి కాపరులకు ఆ జవాబు బాల్కనీలలో కనబడుతుంది. తలుపు తెరిచి ఉన్న ఖాళీ పంజరం, అందులో పాత బట్టలు, క్లిప్పులు. "ఎండలకు చచ్చిపోయింది పాస్టర్‌గారూ" అని తల్లి చెబుతుంది. పిల్లవాడు తల వంచుకొని పక్కనే నిలబడి ఉంటాడు.

గినీ పిగ్‌ను కొనకూడదని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. కొనే ముందు ఏమేమి లెక్క చూసుకోవాలో చెప్పడానికి. ప్రాణం ఉన్నదానిని ఇంటికి తెచ్చుకొంటున్నాము గనుక, బండి కొనేటప్పుడు చూసుకొనే లెక్క కంటే ఇది కొంచెం ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవలసిన లెక్క.

ఇది ఎక్కడి జంతువు?

పేరులో పంది ఉంది గాని ఇది పంది కాదు. గినీ అనే మాట ఉంది గాని ఆఫ్రికాలోని గినీ దేశానిదీ కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. పెరూ, బొలీవియా, ఈక్వడార్ ప్రజలు వేల సంవత్సరాల క్రితమే దీనిని మచ్చిక చేసుకొన్నారు. మనం కోళ్ళను పెంచినట్లు వాళ్ళు వీటిని ఇంట్లో పెంచి మాంసానికి వాడుకొంటారు. అక్కడ దీనిని కుయ్ అంటారు. పెరూలోని కుస్కో పట్టణపు పెద్ద చర్చిలో 18వ శతాబ్దంలో మార్కోస్ సపాటా అనే చిత్రకారుడు గీసిన ప్రభు రాత్రి భోజన చిత్రం ఒకటి ఉంది. అందులో బల్లమీద పళ్ళెంలో ఉన్నది గినీ పిగ్ అనే చాలామంది చెబుతారు. 16వ శతాబ్దంలో ఓడల్లో ఐరోపా చేరిన తరువాతే ఇది పిల్లలు ఆడుకొనే ముద్దుల జంతువు అయింది.

మన పిల్లలకు ఇది మరొక విధంగా బంధువే. మనిషి రోగాలను అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు చాలాకాలం దీని మీదనే ఆధారపడ్డారు. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ వ్యాధికి కారణమైన క్రిమిని నిరూపించినప్పుడు గినీ పిగ్‌ల మీద ప్రయోగాలు చేశాడు. కంఠసర్పి వ్యాధికి విరుగుడు కనిపెట్టి 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి పొందిన ఎమిల్ ఫాన్ బేరింగ్ కూడా వీటితో పరిశోధన చేసినవాడే. కనుక ఇంటికి వచ్చిన ఈ చిన్న జీవిని ఆటవస్తువుగా చూడడం న్యాయం కాదు.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దీనిని చూడగానే "ఇదేం పందికొక్కురా, ఇంట్లోకి తెచ్చారు" అనడం సహజం. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. ఇదీ ఎలుక, పందికొక్కుల లాగానే కొరికే జాతి. తెలుగువారి పందికొక్కు మాటనుండే ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట పుట్టింది. అయితే పందికొక్కు తన బ్రతుకు తాను బ్రతకగలదు. గినీ పిగ్ బ్రతకలేదు. వేల సంవత్సరాలు మనిషి చేతి కింద పెరిగింది గనుక దాని బ్రతుకు పూర్తిగా మనిషి చేతిలోనే ఉంది.

ఇది ఎవరి బాధ్యత?

"నేనే చూసుకొంటాను, రోజూ నేనే కడుగుతాను" అని పిల్లలు మాట ఇస్తారు. ఆ మాట ఇచ్చే గడియలో వాళ్ళు అబద్ధమాడడం లేదు. నిజంగానే అనుకొంటారు. కాని తొమ్మిదేళ్ళ పిల్లకు ఐదేళ్ళ కాలం అంటే ఎంతో తెలియదు. గినీ పిగ్ సాధారణంగా 5 నుండి 8 సంవత్సరాలు బ్రతుకుతుంది. ఈ అంకెను మన ఇళ్ళ పరిస్థితి పక్కన పెట్టి చూడండి.

ఏడవ తరగతి చదివే అబ్బాయికి ఈ సంవత్సరం కొనిపెట్టారు అనుకొందాం. మూడేళ్ళలో పదవ తరగతి పరీక్షలు. ఆ తరువాత ఇంటర్మీడియట్ కోసం హాస్టల్. మన ఊళ్ళో ఎంతమంది పిల్లలు పదిహేను, పదహారు ఏళ్ళకే పెట్టె సర్దుకొని రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్ళిపోతున్నారో మీకు తెలుసు. అబ్బాయి వెళ్ళిపోతాడు. గినీ పిగ్ ఇంట్లోనే ఉంటుంది. అప్పటికి దానికి మూడేళ్ళు. ఇంకా మూడు, నాలుగేళ్ళు దానికి గడ్డి వేసేది ఎవరు? తల్లే.

అందుకని మొదటే ఒక మాట తేల్చుకోవాలి. పిల్లవాడికి జంతువును కొనివ్వడం అనేది నిజానికి లేదు. పెద్దవాళ్ళు తమ బాధ్యత మీద ఒక జంతువును తెచ్చుకొంటారు, పిల్లవాడిని అందులో సహాయకుడిగా చేర్చుకొంటారు. ఇంట్లో ఒక పెద్ద మనిషి, తల్లిగాని తండ్రిగాని తాతగాని, "ఇది నాది, పిల్లలు చేసినా చేయకపోయినా నేను చూసుకొంటాను" అని సంతోషంగా చెప్పగలిగితేనే ముందుకు వెళ్ళండి. అలా చెప్పేవారు ఎవరూ లేకపోతే అక్కడే ఆగిపోవడం మంచిది.

"దీనివల్ల పిల్లలకు బాధ్యత తెలిసొస్తుంది" అని కొందరు కొంటారు. మంచి ఉద్దేశమే. కాని పిల్లవాడు మరచిపోయినప్పుడు బుద్ధి రావాలని రెండు రోజులు గడ్డి వేయకుండా వదిలేస్తే శిక్ష పడేది పిల్లవాడికి కాదు, నోరులేని జంతువుకు. పిల్లలు బాధ్యతను మందలింపులో నేర్చుకొనేది తక్కువ. తండ్రి అలసిపోయి వచ్చి కూడా చేతులు కడుక్కొని పంజరం దగ్గర కూర్చొని నీళ్ళు మార్చడం రోజూ చూస్తేనే నేర్చుకొంటారు.

మన ఎండలు

వరంగల్‌లో గినీ పిగ్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు కుక్క కాదు, పిల్లి కాదు, మే నెల. చల్లని కొండలలో పుట్టిన ఈ జంతువుకు 18 నుండి 24 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది. 27, 28 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. దానికి చెమట పట్టదు. కుక్కలాగా నాలుక చాపి రొప్పి వేడిని తగ్గించుకోవడం కూడా దానికి సరిగా చేతకాదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం, కొన్ని రోజులు 44, 45 వరకు పోవడం కొత్త సంగతి కాదు. రాత్రి పన్నెండింటికి కూడా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది.

కాబట్టి మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఇది. రేకుల ఇంట్లోగాని, ఎండంతా స్లాబు మీద పడే పై అంతస్తులోగాని, పగలంతా చల్లగా ఉంచగలిగే ఒక గది లేకపోతే గినీ పిగ్‌ను తేవద్దు. బాల్కనీలో, మేడమీద, వరండాలో పంజరం పెట్టడం వేసవిలో దానిని పొయ్యి పక్కన పెట్టినట్లే. ఏసీ గాని, గాలి బాగా ఆడే కింది అంతస్తు గదిలో మంచి కూలర్ గాని ఉండాలి. కూలర్ గాలి నేరుగా పంజరానికి తగలకూడదు. గది తలుపులు మూసి కూలర్ వేస్తే ఉక్క పెరుగుతుంది. అది కూడా దానికి మంచిది కాదు. కరెంటు పోయిన వేళ కోసం నీళ్ళు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి పంజరంలో ఒక పక్క పెట్టవచ్చు. అవసరమైతే దానిని ఆనుకొని పడుకొంటుంది.

జొల్లు కారుస్తూ, వేగంగా ఊపిరి తీస్తూ, నేలకు అతుక్కుపోయినట్లు పడి ఉంటే అది వడదెబ్బ. వెంటనే చల్లని చోటికి మార్చి, చెవులను, పాదాలను మామూలు చల్లటి నీళ్ళతో తడిపి డాక్టరు దగ్గరకు తీసుకొని పోవాలి. మంచునీళ్ళు పోయకూడదు.

ఇక్కడొక చిక్కు గమనించండి. పిల్లలు అడిగేది ఎప్పుడు? సెలవుల్లో, అంటే సరిగ్గా ఎండలు మండే రోజుల్లో. కొత్త చోటు, కొత్త మనుషులు, ప్రయాణం, ఆపైన 43 డిగ్రీల ఎండ. ఏ జంతువుకైనా ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. కొనాలని తీర్మానించుకొన్నా అక్టోబరు, నవంబరు దాకా ఆగండి. ఆ నాలుగైదు నెలలు ఆగిన తరువాత కూడా పిల్లవాడికి అదే కోరిక ఉంటే అది నిలకడైన కోరిక అని తెలిసిపోతుంది. అంతకుముందే మరచిపోతే ఒక ప్రాణం రక్షింపబడినట్లే.

ఏం తింటుంది?

దీని తిండిలో ముఖ్యమైనది గడ్డి. వేసిన ఆహారంలో నూటికి ఎనభై పాళ్ళు గడ్డే ఉండాలి. పగలూ రాత్రీ దాని ముందు గడ్డి ఉండాలి. దాని పళ్ళు బ్రతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. అరగకపోతే పెరిగి నోట్లో గుచ్చుకొని, తినలేక చనిపోతుంది.

మన దగ్గర దొరికేవాటిలో గరిక మంచిది. పాడి రైతులు పెంచే గినీ గడ్డి కూడా వేయవచ్చు. పేరు కలిసింది గాని ఆ గడ్డిది ఆఫ్రికా, ఈ జంతువుది అమెరికా. అయితే గడ్డి ఎక్కడ కోశారన్నది ముఖ్యం. మన జిల్లా పత్తికి, మిరపకు పేరుపడిన ప్రాంతం. పురుగుమందు కొట్టిన చేల గట్ల మీది గడ్డి, కుక్కలు తిరిగే రోడ్డు పక్క గడ్డి తేకూడదు. ఉత్త వరిగడ్డిలో దానికి కావలసిన సత్తువ ఉండదు. పట్నాలలో, ఆన్‌లైన్‌లో ఎండు గడ్డి పొట్లాలు దొరుకుతాయి, కాని వాటి ధర ప్రతి నెలా పెట్టవలసిన ఖర్చు అని మరువకూడదు.

రెండవది విటమిన్ సి. ఆవు, కుక్క, ఎలుక తమ శరీరంలోనే విటమిన్ సి తయారు చేసుకొంటాయి. మనిషి చేసుకోలేడు. గినీ పిగ్ కూడా చేసుకోలేదు. 1907లో నార్వే దేశంలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టి చూశారు. ఓడ ప్రయాణికులను చంపిన స్కర్వీ వ్యాధే వాటికీ వచ్చింది. స్కర్వీ సంగతి తెలియడానికి అది పెద్ద మెట్టు అయింది. అదే తప్పు ఈనాడు మన ఇళ్ళలో తెలియక జరుగుతోంది. షాపులో ఇచ్చిన కుందేలు దాణా మాత్రమే పెడతారు. అందులో విటమిన్ సి ఉండదు. రెండు మూడు వారాల్లో జంతువు మందకొడిగా అవుతుంది, కీళ్ళు వాస్తాయి, ముట్టుకొంటే నొప్పితో అరుస్తుంది. గినీ పిగ్ దాణా కొన్నా, తయారై మూడు నెలలు దాటితే అందులోని విటమిన్ చాలావరకు పోతుంది. అందుచేత రోజూ తాజా కూరగాయలు పెట్టాలి. క్యాప్సికం ముక్క, కొత్తిమీర మంచివి. జామ ముక్క అప్పుడప్పుడు, కొంచెం. పాలకూర రోజూ వద్దు.

మన ఇళ్ళలో ప్రేమ ఎక్కువైతే అన్నం పెడతాం, పెరుగన్నం పెడతాం, బిస్కెట్టు పెడతాం. ఇవేవీ దానికి పనికిరావు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలే పెట్టకూడదు. దానికి వాంతి చేసుకొనే శక్తి లేదు. తినరానిది తింటే బయటకు వచ్చే దారి లేదు. చుట్టాల పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచాలి.

ఒంటరిగా ఉంచవద్దు, జతగా అయితే తెలిసి ఉంచండి

గినీ పిగ్ గుంపులో బ్రతికే జీవి. ఒక్కదాన్ని తెచ్చి మూలన పెడితే దిగులుతో ముడుచుకుపోతుంది. స్విట్జర్లాండులో 2008లో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం చట్ట విరుద్ధం. మనకు అలాంటి చట్టం లేకపోయినా జంతువు స్వభావం ఒక్కటే గదా. కాబట్టి కొంటే రెండు కొనాలి. రెండింటి స్థలం, రెండింటి తిండి, రెండింటి వైద్యం లెక్క వేసుకోవాలి.

అయితే ఏ రెండు? ఇక్కడే చాలా కుటుంబాలు చిక్కుకొంటాయి. ఒక మగ, ఒక ఆడ తెచ్చుకొంటే త్వరలోనే ఇల్లు నిండిపోతుంది. ఆడది నెల వయసుకే గర్భం ధరించగలదు. రెండు నెలలు, కొంచెం అటూ ఇటూగా, మోస్తుంది. మామూలుగా రెండు నుండి నాలుగు పిల్లలు పుడతాయి. పుట్టిన కొద్ది గంటలకే తల్లి మళ్ళీ గర్భం ధరించగలదు. మగపిల్లలను మూడు వారాలకే వేరు చేయాలి. పైగా మొదటి కాన్పు ఆరేడు నెలల వయసు దాటాక వస్తే ఎముకలు బిగిసిపోయి ప్రసవం కష్టమై తల్లి చనిపోయే ప్రమాదం ఉంది. "పిల్లలు పుడితే ఎవరికైనా ఇచ్చేద్దాం" అనుకోవద్దు. ఎవరికి ఇస్తారో వారి పేర్లు ముందే కాగితం మీద రాయండి. రెండు పేర్ల తరువాత కలం ఆగిపోతుంది.

రెండు ఆడవి గాని, కలిసి పెరిగిన రెండు మగవి గాని తెచ్చుకోవడం మేలు. షాపువారు చెప్పిన మాట మీదనే ఉండక పశువైద్యుడికి చూపించి నిర్ధారించుకోండి. కుందేలుతో కలిపి ఒకే పంజరంలో ఉంచవద్దు. కుందేలు వెనుక కాలి దెబ్బ గట్టిది. అంతేగాక కుందేలుకు ఏ హాని చేయని ఒక క్రిమి గినీ పిగ్‌కు సోకితే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది.

స్థలం, శుభ్రత, పిల్లల ఆరోగ్యం

షాపులో చిలకల పంజరం లాంటిది చూపించి ఇది చాలు అంటారు. చాలదు. రెండింటికి కనీసం రెండున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల పొడవు కావాలి. అంతకంటే ఎక్కువ ఉంటే మరీ మంచిది. అడుగు భాగం తీగలతో ఉండకూడదు, పాదాలు పుండ్లు పడతాయి. చదునైన అడుగు మీద పాత వార్తాపత్రికలు, వాటిపైన మెత్తని గుడ్డ పరచవచ్చు. కోత మిల్లులో దొరికే సన్నని రంపపు పొట్టు వద్దు, ఆ దుమ్ము దాని ఊపిరికి మంచిది కాదు. దాక్కోవడానికి రెండు చిన్న అట్టపెట్టెలు పెట్టాలి. అది భయస్తురాలైన జంతువు. దాక్కొనే చోటు లేకపోతే నిత్యం వణుకుతూ బ్రతుకుతుంది. రాత్రివేళ పిల్లులు, పందికొక్కులు, పాములు దూరకుండా గది తలుపు, పంజరం తలుపు రెండూ వేసి ఉండాలి.

తడిసిన పేపర్లు ప్రతిరోజూ తీయాలి. వారానికి ఒకసారి పంజరం మొత్తం కడగాలి. ఇది ఆదివారం అని ఆగదు, పండుగ అని ఆగదు. దసరాకు అమ్మమ్మ ఊరు వెళ్ళినా, క్రిస్మస్‌కు బంధువుల ఇంటికి వెళ్ళినా, ఎవరో ఒకరు రోజూ రెండుసార్లు వచ్చి చూడాలి. విశ్రాంతి దినాన్ని గూర్చిన ఆజ్ఞలో ఇంటి పశువులను కూడా లెక్కలో చేర్చిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. మన సెలవు దానికి ఆకలి దినం కాకూడదు.

ఐదారేళ్ళలోపు పిల్లల చేతికి దీనిని ఇవ్వవద్దు. చిన్న చేతులు గట్టిగా నొక్కుతాయి, లేదా వదిలేస్తాయి. నడుము ఎత్తు నుండి పడినా దాని ఎముకలు విరగవచ్చు. ఎంత పెద్ద పిల్లలైనా నేలమీద కూర్చొని, ఒక చెయ్యి ఛాతీ కింద, మరొక చెయ్యి వెనుక భాగం కింద పెట్టి ఒడిలోకి తీసుకోవడం నేర్పాలి. ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీనినుండి పిల్లలకు తామర అంటుకోవచ్చు, కడుపులో ఇన్ఫెక్షన్లు రావచ్చు. ఇంట్లో ఉబ్బసం గాని, ఎలర్జీ గాని ఉన్నవారు ఉంటే కొనే ముందే డాక్టరును అడగాలి. ముందుగా ఎవరి ఇంట్లోనైనా పెంచుతుంటే అక్కడ పిల్లవాడిని రెండు మూడుసార్లు కూర్చోబెట్టి చూడండి.

డాక్టరును ముందు చూసుకోండి

మన పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు, కుక్కలు. గినీ పిగ్ వైద్యం వేరు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వంటి మామూలు మందులు దీనికి ప్రాణాంతకం. కడుపులోని మేలు చేసే క్రిములు చచ్చి జంతువు చనిపోతుంది. పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు మిగిలిన సిరప్ ఇంట్లో ఉంది కదా అని రెండు చుక్కలు పోయడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించండి. కనుక జంతువును కొనకముందే నగరంలో ఏ డాక్టరు గినీ పిగ్‌లను చూస్తారో విచారించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడిగి తెలుసుకోండి. చూసేవారు ఎవరూ దొరకకపోతే అది కూడా ఒక జవాబే.

ఒక గుర్తు పెట్టుకోండి. ఒక పూట, ఒక రాత్రి గడిచినా తినకుండా ఉందంటే రేపు చూద్దాం అనకూడదు. దాని పేగులు ఆగిపోతే తిరిగి కదలడం కష్టం. తన మెత్తని పెంటికలు తానే తింటుంటే మాత్రం కంగారు పడవద్దు, అది దాని సహజ గుణం.

చట్టం ఏమంటుంది?

గినీ పిగ్‌ను పెంచడం మన దేశంలో నేరం కాదు. 2018 నాటి పెట్ షాపుల నిబంధనల ప్రకారం గినీ పిగ్, కుందేలు వంటి జంతువులను అమ్మే షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది అడిగే హక్కు మీకు ఉంది. కిక్కిరిసిన పంజరాలు, మురికి నీళ్ళు, ముక్కులు కారుతున్న జంతువులు కనబడితే జాలిపడి కొనవద్దు. మీరు కొన్న చోటికి రేపు మరొకటి వస్తుంది.

"ఇంత కష్టమెందుకు, ఒక రామచిలుకను తెచ్చి పెంచుకొందాం" అని కొందరంటారు. రామచిలుకను, గోరింకను, నక్షత్ర తాబేలును పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తాతల కాలంలో ఇంటింటా చిలక ఉండేది నిజమే. ఈనాడు అది తగదు.

కాదని చెప్పవలసి వస్తే

ఇదంతా చదివి మీరు "మా ఇంటికి కుదరదు" అనుకొంటే సిగ్గుపడవలసింది లేదు. పిల్లవాడికి కారణం చెప్పి కాదనండి. "మన ఇల్లు దానికి చాలా వేడి, అది బాధపడుతుంది" అంటే ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. తన సంతోషం కంటే మరొక ప్రాణి బాధను లెక్కచేసే పెద్దలను చూసిన పిల్లలు అప్పుడే జంతు ప్రేమ నేర్చుకొన్నారు. "చూద్దాంలే" అని సాగదీయడం, ఏడుపు ఆపడానికి కొనివ్వడం, ఈ రెండూ వద్దు.

పిల్లవాడి ఆశకు మరొక దారి చూపండి. వేసవిలో మేడమీద మట్టి మూకుడులో నీళ్ళు పోసి, రోజూ మార్చే పని అప్పగించండి. వచ్చే పిచ్చుకలను, గోరింకలను నోటుబుక్కులో రాయమనండి. హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాలకు ఏడాదికి ఒకసారి కాక రెండు మూడుసార్లు తీసుకొని వెళ్ళండి. ఊళ్ళో మేకలు, కోళ్ళు ఉన్న బంధువులుంటే సెలవుల్లో వారం పాటు పిల్లవాడిని అక్కడ ఉంచి పని నేర్చుకోనివ్వండి. ఈ పనులు నాలుగు నెలలు విసుగు లేకుండా చేసిన పిల్లవాడి కోరికను మళ్ళీ ఆలోచించవచ్చు.

ఇప్పటికే ఇంట్లో గినీ పిగ్ ఉండి, చూసుకోలేకపోతున్నవారికి ఒక మనవి. దానిని కోట దగ్గర పొలాల్లోనో, చెరువు గట్టునో వదిలిపెట్టవద్దు. ఒక్క రాత్రి కూడా బ్రతకదు. చూసుకోగలిగిన కుటుంబాన్ని వెదికి, పంజరంతో సహా, తిండి వివరాలతో సహా అప్పగించండి. పిల్లవాడికి కూడా నిజమే చెప్పండి.

ఇంటిల్లిపాదీ కూర్చొని అడుగవలసినవి

1. పిల్లవాడు మానేసినా ఐదు నుండి ఎనిమిదేళ్ళు చూసుకొనే పెద్ద మనిషి మన ఇంట్లో ఎవరు?
2. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, కరెంటు పోతే, అది ఎక్కడ ఉంటుంది?
3. ప్రతిరోజూ మంచి గడ్డి ఎక్కడ నుండి వస్తుంది?
4. రెండింటికి సరిపడే స్థలం, ఖర్చు ఉన్నాయా?
5. వైద్యం చేసే డాక్టరు ఎవరో తెలుసా?
6. మనం ఊరు వెళితే ఎవరు చూస్తారు?
7. పిల్లవాడు హాస్టల్‌కు వెళ్ళిన తరువాత ఏమి చేస్తాం?

రాత్రి భోజనం అయ్యాక పిల్లలను కూడా కూర్చోబెట్టుకొని ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి. ఏడింటికీ జవాబు ఉంటే చలికాలం వచ్చేదాకా ఆగి, రెండింటిని తెచ్చుకోండి. ఉదయాన్నే గడ్డి చప్పుడు వినగానే కీచుమని పిలిచే ఆ గొంతులు మీ ఇంటికి ఎంతో సంతోషం తెస్తాయి. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ కాగితాన్ని మడిచి దాచండి. జవాబు దొరికిన సంవత్సరం మళ్ళీ తెరవవచ్చు.